తొమ్మిదో ఆల్బంలో అక్క లేదు

"బ్రేకు! బ్రేకండీ! ఆ అద్దం పెట్టింది జుట్టు సర్దుకోవడానికి కాదు, వెనకాల గోడ ఉందో లేదో చూసుకోవడానికి! ఉందా లేదా? ఉందా? మరెందుకు దాని మీదికి పోతున్నారు, రమ్మని పిలిచిందా మిమ్మల్ని?"

కారు ఆగింది. గోడకీ బంపరుకీ మధ్య ఒక చెయ్యి పట్టేంత సందు మిగిలింది. స్టీరింగు దగ్గర కూర్చున్నావిడ పళ్ళ డాక్టరు. ఎంతటి దవడపన్నునైనా చెయ్యి వణక్కుండా పీకేస్తుందట గానీ రివర్సు గేరు పేరెత్తితే చెమటలు పట్టేస్తాయి. అన్ని మాటలు పడ్డాక ఎవరైనా ముఖం మాడ్చుకుంటారు. ఈవిడ నా వైపు తిరిగేసరికి ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, ఇంకోసారి అనండి."

"ఏమనాలి?"

"అదే, 'ఉందా లేదా, ఉందా' అన్నారే. మీరు అక్క కదూ?"

"ఎవరి అక్కని?"

"హోంవర్క్ చెయ్యనివాళ్ళ అక్క!"

నేను కారు డ్రైవింగ్ నేర్పిస్తాను. నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. అది నిజం కాదు. నాకున్నది కోపం కాదు, నోరు. ఆ నోటి చలవ వల్లే నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఇంతవరకు ఒక కుక్కపిల్లని కూడా గుద్దలేదు. ఇక హోంవర్క్ చెయ్యనివాళ్ళంటారా, మా తమ్ముడూ వాడి స్నేహితులిద్దరూ కలిసి నడిపే బ్యాండు పేరది. కాలేజీ రోజుల్లో పెట్టుకున్నారు. ముగ్గురికీ యాభై దగ్గరపడుతున్నా ఆ పేరు మార్చలేదు, హోంవర్కూ చెయ్యలేదు.

వాళ్ళు వాయించేదాన్ని పాప్ పంక్ అంటారట. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. వెనక నుంచి ఎవరో తరుముతున్నట్టు గిటారు పరుగెత్తాలి. డ్రమ్ములు దానికంటే ముందు పరుగెత్తాలి. పాట మాత్రం బస్సు తప్పిపోయిందనో, ఆ అమ్మాయి చూడలేదనో, పుస్తకం తెరవబుద్ధి కావడం లేదనో ఉండాలి. కూర్చుని ఏడవాల్సిన విషయాన్ని గెంతుతూ చెప్పడమన్నమాట.

అలా ఇప్పటికి ఎనిమిది ఆల్బంలు వదిలారు. పేర్లు వింటే చాలు, వాళ్ళ జాతకం తెలిసిపోతుంది. మొదటిది 'రేపట్నుంచి చదువుతాం'. రెండోది 'ఎల్లుండి నుంచి'. మూడోదానికి 'జుట్టు మా ఇష్టం' అని పెట్టారు. అది వచ్చిన కొన్నాళ్ళకే డ్రమ్ములు వాయించేవాడికి జుట్టంతా ఊడిపోయి 'గుండు' అనే పేరు ఖాయమైపోయింది. 'పెళ్ళికి రాలేం' అని మా తమ్ముడు ఒకటి రాశాడు, అది తన పెళ్ళి గురించే అయి ఉండాలి, ఇంతవరకు చేసుకోలేదు. ఎనిమిదోది 'మోకాళ్ళు సహకరిస్తే'. వీటిలో ఒక్కటీ నేను పూర్తిగా వినలేదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాళ్ళు సాధన చేస్తుంటే గోడల్లోంచి విన్నది చాలదా?

అయితే మొదటిదాంట్లో నేనున్న సంగతి మాత్రం నాకు తెలుసు. ఆ రోజు నాకు పరీక్ష. తల పగిలిపోతుంటే వెళ్ళి షెడ్డు తలుపు మీద దబదబా బాది నాలుగు అక్షింతలు వేసి వచ్చాను. గుండు డ్రమ్ములు ఆపిన ఖాళీలో నా దెబ్బలు సరిగ్గా తాళానికి పడ్డాయట. అలాగే ఉంచేశారు. అది తెలిశాక వారం పాటు మా తమ్ముడితో మాట్లాడలేదు.

"అవునండీ, నేనే," అన్నాను డాక్టరుగారితో. "పొరపాటున పడిపోయింది ఆ ఒక్కదాంట్లో."

ఆవిడ తెల్లమొహం వేసింది. "ఒక్కదాంట్లోనా? ఎనిమిదింటిలోనూ ఉన్నారు కదా మేడమ్! చివరి పాటని ప్రతిసారీ మీరే వచ్చి ఆపుతారు. నేను అది వింటూనే పెద్దదాన్నయ్యాను. పరీక్ష తప్పినప్పుడల్లా మీ చేత తిట్టించుకునేదాన్ని, మనసు తేలికపడేది."

ఆ ఎనిమిదీ రేపు పట్టుకురమ్మని క్లాసు సగంలోనే ఆపేశాను. అది నేను అరుదుగా చేసే పని.

మర్నాడు ఆవిడ ఎనిమిది సీడీలూ పట్టుకొచ్చింది. క్లాసు మానేసి కారు చెట్టు నీడన ఆపుకుని, ఒక్కొక్కదాని చివరి పాటే విన్నాం. మొదటిదాంట్లో నా గొంతు సన్నగా, కీచుగా, పరీక్ష తప్పుతానేమోనన్న భయంతో ఉంది. నాలుగోదాంట్లో, నేను కొత్తగా కొనుక్కున్న స్కూటరు ఎవడ్రా తీసిందని అరుస్తున్నాను. ఆరోదాంట్లో నా వంటింటి గిన్నెలన్నీ డ్రమ్ముల కింద ఎందుకున్నాయని నిలదీస్తున్నాను. వింటూ ఉంటే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది, దాంతో పాటు ఇంకోటి కూడా అర్థమైంది. ఆ స్కూటరు వాళ్ళు ఎక్కడికీ నడపలేదు. షెడ్డు ముందు నిలబెట్టి ఊరుకున్నారు. ఆ గిన్నెలతో ఏ వాయిద్యమూ వాయించలేదు. పాట చివరికి వచ్చే వేళకి నాకు ఒళ్ళు మండేలా ఏదో ఒకటి చేసి, తలుపు దగ్గర మైకు పెట్టుకుని, నేనెప్పుడొస్తానా అని కాచుకుని కూర్చునేవాళ్ళన్నమాట వెధవలు. పాతికేళ్ళకు పైగా నేను ఆ బ్యాండులో నాలుగో మనిషిని, నాకు తప్ప అందరికీ తెలుసు!

ఉతికి ఆరేద్దామని ఫోను తీశాను. అప్పుడే రెండో ఆల్బం చివర వినిపిస్తోంది. నా తిట్లు అయిపోయాక దూరం నుంచి, పెరటి గుమ్మంలోంచి, అమ్మ గొంతు. "పోనివ్వవే, చిన్నవాడు."

అమ్మ పోయి మూడేళ్ళు. ఆ గొంతు నా దగ్గర ఎక్కడా లేదు. ఫోను పక్కన పెట్టేసి అదే ముక్క మళ్ళీ మళ్ళీ వేయించుకుని విన్నాను. డాక్టరుగారు ఏమీ అడగకుండా బటన్ నొక్కుతూ కూర్చుంది. మంచి మనిషి.

"తొమ్మిదోది ఎప్పుడొస్తుంది మేడమ్?" అంది చివరికి. "పాటలన్నీ అయిపోయాయన్నారు. చివరి పాట దగ్గర ఆగిందట. ఎందుకో ఎవరూ చెప్పడం లేదు."

ఎందుకో నాకు అప్పుడు తట్టింది.

ఏడాదిన్నర కిందట మా తమ్ముడికి గుండెలో నొప్పి వచ్చింది. స్టెంటు వేశారు. ఆసుపత్రి ఆకుపచ్చ గౌనులో, చేతికి సూదులతో, వాడు పదేళ్ళవాడిలా కనిపించాడు. గుండె డాక్టరు నన్ను పక్కకి పిలిచి, మాత్రలూ నడకా ఉప్పూ గురించి చెప్పి, "ఆందోళన పెట్టకండి ఆయన్ని" అన్నాడు. అంతే, ఆ క్షణం నుంచి వాడి విషయంలో నోటికి తాళం వేసుకున్నాను. వాణ్ణి ఒరేయ్ అనడం మానేసి నాన్నా అనడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత నుంచి విడ్డూరాలు మొదలయ్యాయి. నా స్కూలు కారు చెప్పకుండా తీసుకెళ్ళి సీట్ల నిండా బురదతో తెచ్చాడు. "పోనీలే నాన్నా, కడిగిస్తాలే" అన్నాను. గుండు మిట్టమధ్యాహ్నం నా ఆఫీసు కిటికీ కింద డ్రమ్ము వేసుకుని చెవులు చిల్లులు పడేలా వాయించాడు. వాడికి టీ పంపించాను. టీ చూసి వాడు ఏడుపు ముఖం పెట్టాడు. ఆ ముందు వారమే మా తమ్ముడు ఫోన్ చేసి, నేనెంతో అపురూపంగా చూసుకునే గులాబీ కుండీ పగలగొట్టానని తనంతట తనే చెప్పాడు. "దెబ్బేం తగల్లేదు కదా నాన్నా?" అన్నాను. "లేదక్కా," అని పెట్టేశాడు. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. అప్పుడు నాకు తెలియలేదు.

ఇదంతా నవ్వొచ్చే విషయమే కదా. నాకూ నవ్వొచ్చింది. వెధవలు, తిట్లు దొరక్క అల్లాడిపోతున్నారు, ఇంకొన్నాళ్ళు అల్లాడనీ అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత నత్త మా ఆఫీసు కొళాయి బాగుచేయడానికి వచ్చాడు. నత్త అంటే బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు. వాయించేటప్పుడు తప్ప మిగతా అన్నిటికీ ఆలస్యమే, అందుకే ఆ పేరు. పొట్ట పోషించుకునేది ప్లంబింగుతో. అబద్ధం చెప్పడం చేతకాదు, అందుకే వాణ్ణి పట్టుకున్నాను.

"ఏరా, తొమ్మిదోది ఎంతవరకు వచ్చింది?"

వాడి చేతిలోంచి రెంచి జారి బకెట్లో పడింది. "నీకెలా తెలుసక్కా?"

"అన్నీ తెలుసు. ఎనిమిదీ విన్నాను. నా తిట్లు లేకపోతే మీ పాట పూర్తి కాదు కదూ?"

నేను నవ్వుతూనే అడిగాను. వాడు నవ్వలేదు.

"ఇవాళ పూర్తి చేసేస్తున్నారక్కా. రెండో ఆల్బంలోంచి నీ పాత తిట్లు కోసి, చివర అతికిస్తున్నారు. నేను వెళ్ళి వినాలి, ఆలస్యమైంది."

"పాతవెందుకురా? నేనిక్కడే ఉన్నాను కదా."

"నువ్వు తిట్టడం లేదు కదక్కా." వాడు బకెట్లో చెయ్యి పెట్టి రెంచి వెతుకుతున్నట్టు నటించాడు. "చెప్పొద్దన్నాడు. వాడేమనుకుంటున్నాడంటే, డాక్టరు నీకేదో చెప్పుంటాడని. ఇక ఎక్కువ రోజులు లేవనో ఏదో. లేకపోతే అక్క నన్నెందుకు నాన్నా అంటుందీ, కుండీ పగిలితే ఎందుకూరుకుంటుందీ అంటాడు. మేం ఎంత చెప్పినా వినడు. ఆ రోజు కుండీ సంగతి చెప్పి ఫోన్ పెట్టేశాక, ఇక ఖాయంరా, ఇదే ఆఖరి ఆల్బం, త్వరగా ముగించేద్దాం అన్నాడు. పేరు కూడా మార్చేశాడు."

"ఏమని?"

"'ఇక సెలవు'."

వాడు నా ముఖంలోకి చూస్తూ, నా మెత్తదనమంతా లెక్కగట్టుకుంటూ, ఇన్నాళ్ళుగా చావుకి సిద్ధపడుతున్నాడు. నేను ముద్దుగా మాట్లాడిన ప్రతి మాటా వాడి గుండెలో ఒక్కొక్క మేకు కొట్టింది. ఏడుపొచ్చింది, దాని వెనకే ఏడాదిన్నరగా తాళం వేసి ఉంచినదంతా పొంగుకొచ్చింది.

"లే. కారెక్కు."

"కొళాయి విప్పేసి ఉందక్కా..."

"కొళాయి సంగతి తర్వాత. లే!"

సరిగ్గా డాక్టరుగారి క్లాసు టైమది. స్టీరింగు దగ్గర కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని, బుద్ధిగా ఎదురుచూస్తోంది. దిగమని చెప్పి నేను నడపొచ్చు గానీ, నా చేతులు వణుకుతున్నాయి. వణికే చేతులతో బండి తీయకూడదని నేనే రోజూ పాఠం చెబుతాను.

"పోనివ్వండి," అన్నాను పక్క సీట్లో కూర్చుంటూ. "టైర్ల షాపు పై గదికి. దారి వీడు చెబుతాడు."

"రికార్డింగు గదికా మేడమ్?" అంది ఆవిడ. గొంతులో భయమూ భక్తీ కలిసిపోయాయి.

దారి పొడుగునా నేనొక్క మాట మాట్లాడలేదు. డాక్టరుగారికి అదే పెద్ద పరీక్ష అయి ఉంటుంది. టైర్ల షాపు సందు మరీ ఇరుకు, అటువైపు మూసేసి ఉంది, లోపలికి వెనక్కే పోవాలి. ఆవిడ ఒక్కసారి నా వైపు చూసి, అద్దంలోకి చూసి, అటూ ఇటూ టైర్ల దొంతరల మధ్య నుంచి గీత గీసినట్టు రివర్సులో తీసుకుపోయి ఆపింది. ఇంకో రోజైతే చప్పట్లు కొట్టేదాన్ని.

మెట్లెక్కి పైకి వెళ్ళాను. నేను ఆ గదికి రావడం అదే మొదటిసారి. అమ్మ పోయాక మేం ఆ అద్దె ఇల్లు ఖాళీ చేశాం, షెడ్డు కూడా పోయింది, వీళ్ళు ఇక్కడికి మారారు. మెట్లు ముగిసిన చోట తలుపు చూసి ఆగిపోయాను.

అది మా షెడ్డు తలుపు. అదే రేకు, అదే వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు. మధ్యలో, నా పిడికిలి ఎత్తులో, పాతికేళ్ళ నా బాదుడుకి పడిన సొట్ట. ఇల్లు ఖాళీ చేసిన కొత్తలో ఇంటాయన ఫోన్ చేసి, షెడ్డు తలుపు ఎవరో ఎత్తుకుపోయారండీ, మీవాళ్ళేనా అని అడిగాడు. మావాళ్ళకి దాంతో ఏం పనండీ అని ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. పాపం పెద్దాయన.

లోపల నుంచి నా గొంతే వినిపిస్తోంది. పాతికేళ్ళ కిందటి గొంతు. "ఒరేయ్, ఇది ఇల్లా, సంతా?" వెంటనే అమ్మ. "పోనివ్వవే, చిన్నవాడు." ఆ తర్వాత మా తమ్ముడు మెల్లగా అంటున్నాడు. "బాగుంది. ఇక్కడే ఆపేద్దాం. ఇద్దరూ ఉన్నారు."

నా పిడికిలి దానంతట అదే ఆ సొట్టలోకి వెళ్ళింది.

"తీయరా తలుపు! తీస్తావా, పగలగొట్టమంటావా? నేను చచ్చాననుకున్నావట్రా, పాత గొంతు అతికించుకోవడానికి? అక్క బతికుంది, నిక్షేపంలా ఉంది, నీ ఇంటి పక్క వీధిలో ఉంది! 'ఇక సెలవు' అట! ఎవరిచ్చార్రా నీకు సెలవు? నన్నడిగావా? డాక్టరు ఏం చెప్పాడో తెలుసా నీకు? ఉప్పు తగ్గించమన్నాడు! పొద్దున్నే నడవమన్నాడు! మాత్రలు మానొద్దన్నాడు! ఆందోళన పెట్టొద్దన్నాడు! అంతే, ఇంకో ముక్క లేదు! ఉంటే నీకు చెప్పనా? నేను కడుపులో దాచుకునే మనిషినా? నా నోట్లో నువ్వుగింజైనా నానిందా ఏనాడైనా? నువ్వు కారు బురద చేస్తే నోరు మూసుకున్నాను! నా గులాబీ కుండీ పగలగొడితే నోరు మూసుకున్నాను! ఆ కుండీ కోసం రెండు రోజులు ఏడ్చాన్రా, అడ్డగాడిదా! ఎందుకు మూసుకున్నాను? భయమేసి! నిన్ను ఆ గౌనులో చూసి భయమేసి! నువ్వు లేకపోతే నేనెవర్ని తిట్టుకోవాలిరా? ఏడాదిన్నర తిట్టకుండా ఉన్నాను, నాకది ఎంత కష్టమో తెలుసా నీకు? పైగా నాకు చెప్పకుండా చచ్చిపోదామనుకుంటున్నావా? ఇవాళ మాత్రలు వేసుకున్నావా లేదా? వేసుకున్నావా?"

ఊపిరి అందక ఆగాను. కింద సందులో ఎవరికో దారి అడ్డమైనట్టుంది, డాక్టరుగారు కంగారుగా హారన్ కొట్టింది.

తలుపు తెరుచుకుంది. మా తమ్ముడు గిటారు మెడలో వేసుకుని నిలబడి ఉన్నాడు. ముఖమంతా తడి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు.

"నిజంగా అంతేనా అక్కా? ఉప్పేనా?"

"ఉప్పేరా!"

వాడు నా భుజం మీద తల పెట్టేశాడు. మధ్యలో గిటారు గుచ్చుకుంటున్నా నేను కదల్లేదు. నా వెనక నత్త ముక్కు ఎగబీలుస్తున్నాడు. గుండు మాత్రం కుర్చీలోంచి లేవకుండా, పెదవి మీద వేలు పెట్టుకుని, బల్ల మీద వెలుగుతున్న ఎర్ర దీపం చూపించాడు. తలుపు పక్కన, ఎప్పటిలాగే, మైకు.

"ఆపరా దాన్ని!" అన్నాను. అది కూడా రికార్డయింది.

ఆల్బం నెల తిరక్కుండా వచ్చేసింది. 'ఇక సెలవు' అన్న పేరు కొట్టేసి, 'రేపట్నుంచి నడుస్తాం' అని పెట్టారు. ఆ రేపు ఇంకా రాలేదు గానీ, నేను రోజూ పొద్దున్నే వాడి గుమ్మం ముందు హారన్ కొడుతున్నాను, ఎన్నాళ్ళు తప్పించుకుంటాడో చూస్తాను. వెనక అట్ట మీద నా పేరు కూడా వేశారు, 'తలుపు: అక్క' అని. పాత తిట్లు అతికించలేదు. అమ్మ గొంతు మాత్రం విడిగా తీసి నాకిచ్చాడు.

డాక్టరుగారికి లైసెన్సు వచ్చేసింది. అయినా వారానికోసారి నన్నెక్కించుకుని ఊరంతా తిప్పుతుంది, ఆ చివరి పాట పెట్టి. పాట ఆగుతుంది, నా తిట్లు పడతాయి, ఆవిడ హారన్ మోగుతుంది, ఆవిడ గర్వంగా నా వైపు చూస్తుంది. ఆ రోజు నాకు వినిపించనిదొకటి దాని తర్వాత ఉంది. తలుపు తీయకముందు, లోపల మైకు దగ్గర, మా తమ్ముడు తనలో తను అనుకున్న ఒకే ఒక్క మాట.

"అమ్మయ్య."

అది విన్నప్పుడల్లా నా కళ్ళు నిండుతాయి. అది ఆవిడ చూడకుండా, గేరు మార్చండి, నిద్రపోతున్నారా అని గట్టిగా అరుస్తాను.